డాక్టరుగారికీ ఒక పత్రిక కావాలి

ఖరగ్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడి ఉన్నాయి. ఈ స్టేషన్‌లోని 1072 మీటర్ల ప్లాట్‌ఫారం 2013 వరకు ప్రపంచంలోకెల్లా పొడవైనదని మీరు జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో చదివే ఉంటారు. ఇలాంటి ఊళ్లో ఏ ప్రత్యేక విభాగానికీ చెందని ఒక మామూలు డాక్టరు ముందుకు ఒక ఉదయం ఎవరెవరు వస్తారో ఊహించండి. రెండు రోజులుగా చలిజ్వరంతో వణుకుతున్న గ్యాంగ్‌మన్. చక్కెర జబ్బున్న రిటైర్డ్ గార్డు. దగ్గు తగ్గని వర్క్‌షాపు కార్మికుడు. విరేచనాలతో నీరసించిన పసిబిడ్డను ఎత్తుకొచ్చిన తల్లి. గుండె దడగా ఉందంటున్న కాలేజీ విద్యార్థి.

ఒక్కొక్కరికి ఇవ్వగలిగే సమయం కొన్ని నిమిషాలే. ఆ కొన్ని నిమిషాల్లో డాక్టరు ఉపయోగించే జ్ఞానం ఎప్పటిది? ఎం.బి.బి.ఎస్. చదివిన నాటిదే అయితే, ఇరవై ఏళ్ల అనుభవమున్న డాక్టరు ఇరవై ఏళ్ల క్రితపు వైద్యం చేస్తున్నట్టే. పాఠ్యపుస్తకం కొత్త ముద్రణ రావడానికి ఏళ్లు పడుతుంది. మందుల కంపెనీ ప్రతినిధి ప్రతి నెలా వస్తాడు, కాని ఆయన తన మందు గురించే చెబుతాడు. మరి కొత్త సంగతులు, పాత తప్పుల దిద్దుబాట్లు డాక్టరుకు చేరేదెలా? దీనికి దాదాపు రెండు వందల ఏళ్లుగా ఉన్న ఏర్పాటు సాధారణ వైద్య పత్రిక.

ఏమిటీ సాధారణ వైద్య పత్రిక?

గుండె నిపుణులకు, కంటి నిపుణులకు, పిల్లల వైద్యులకు వేరువేరు పత్రికలు ఉన్నాయి. వాటిలో లోతు ఎక్కువ, విస్తృతి తక్కువ. అన్ని రకాల రోగులనూ చూసే డాక్టరు వాటన్నింటినీ చదవలేడు. అన్ని విభాగాల నుంచి, ఏ డాక్టరుకైనా పనికొచ్చే సంగతులను ఏరి ఒకచోట ఇచ్చేదే సాధారణ వైద్య పత్రిక. అమెరికాలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 1812లో మొదలైంది. లండన్‌లో థామస్ వాక్లీ అనే సర్జన్ 1823లో లాన్సెట్‌ను స్థాపించాడు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ మూలాలు 1840 నాటివి. మన దేశంలో ఇండియన్ మెడికల్ గెజెట్ 1866లో కలకత్తా నుంచి వెలువడింది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నుంచి నేషనల్ మెడికల్ జర్నల్ ఆఫ్ ఇండియా 1988లో ప్రారంభమైంది.

ఇలాంటి పత్రికలో ఒక సంచిక తెరిస్తే ఏముంటుంది? కొత్త ప్రయోగాల ఫలితాలు చెప్పే పరిశోధన వ్యాసాలు ఉంటాయి. ఆ ఫలితానికి ఎంత విలువ ఇవ్వాలో తూచి చెప్పే సంపాదకీయాలు ఉంటాయి. ఒక జబ్బు గురించి ఇంతవరకు తెలిసినదంతా క్రోడీకరించే సమీక్షలు, ఒక్క రోగి కథను లక్షణాల నుంచి రోగ నిర్ధారణ దాకా వివరించే కేస్ రిపోర్టులు ఉంటాయి. వీటితోపాటు పాఠకుల ఉత్తరాలు, ఇదివరకు అచ్చయిన తప్పులకు సవరణలు. వీటిలో ఒక్కొక్కటీ డాక్టరుకు ఒక్కో విధంగా ఉపయోగపడుతుంది. నిజంగా జరిగిన కొన్ని ఉదాహరణలతో పరిశీలిద్దాం.

రెండు దోమలు, ఒక వ్యాసం

మలేరియా దోమల వల్ల వస్తుందన్న సంగతికి తొలి గట్టి ఆధారం మన తెలుగుగడ్డ మీదే దొరికింది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగి రక్తం తాగిన దోమను కోసి చూశాడు. దాని జీర్ణాశయపు గోడలో అంతకుముందు ఏ దోమలోనూ కనిపించని, నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. మర్నాడు మరో దోమలోనూ అవే కనిపించాయి.

ఈ సంగతిని ఆయన బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు రాశాడు. అదే ఏడాది డిసెంబరు 18న అది అచ్చయింది. తాను చూసింది రెండు దోమలనేనని వ్యాసం శీర్షికలోనే ఉంది. మలేరియా రహస్యం ఛేదించానని ఆయన ప్రకటించుకోలేదు. ఆ స్లయిడ్లను చూసిన పాట్రిక్ మాన్సన్ తదితరుల వ్యాఖ్యలు కూడా వ్యాసంతోపాటే వచ్చాయి. అంటే పాఠకుడికి కొత్త సంగతి, దానికి ఎంత ఆధారం ఉంది, ఇతర నిపుణులు ఏమంటున్నారు అనే మూడూ ఒకేచోట దొరికాయి. మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, రాస్ ఆ పరాన్నజీవి దోమలో గడిపే జీవితచక్రాన్ని పూర్తిగా చూపగలిగాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఇందువల్ల మామూలు డాక్టరుకు ఒరిగిందేమిటి? జ్వరానికి క్వినైన్ ఇవ్వడంతో తన పని అయిపోలేదని, ఊళ్లో నిలవ నీళ్ల సంగతీ చూడాలని ఆయనకు తెలిసింది. తరువాతి కాలంలో బెంగాల్ నాగపూర్ రైల్వే రోనాల్డ్ సీనియర్-వైట్ అనే మలేరియా నిపుణుణ్ణి ప్రత్యేకంగా నియమించుకుంది. పట్టాల పక్కన మట్టి తవ్విన గుంటల్లో నీరు నిలిస్తే అక్కడ దోమలు పెరుగుతాయని రైల్వేలకు అప్పటికి అర్థమైంది.

ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ల కథ

వైద్య పత్రిక ప్రాణాలు కాపాడగలదనీ, పత్రికలో అచ్చయినంత మాత్రాన ప్రాణాలు నిలబడవనీ రెండూ చెప్పే కథ బెంగాల్‌లోనే ఉంది. 1953 నవంబరులో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ చటర్జీ లాన్సెట్‌లో ఒక వ్యాసం ప్రచురించాడు. లీటరు నీటిలో 4 గ్రాముల ఉప్పు, 25 గ్రాముల గ్లూకోజు కలిపి తాగించి 186 మంది కలరా రోగులకు సెలైన్ ఎక్కించకుండానే నయం చేశానని అందులో రాశాడు. అప్పట్లో కలరా అంటే నరం ద్వారా సెలైన్ ఎక్కించవలసిందే. పల్లెల్లో ఆ సెలైను దొరక్క వేలమంది చనిపోయేవారు. ఇంత ముఖ్యమైన వ్యాసం వెలువడినా వైద్యలోకం పట్టించుకోలేదు. ఎందుకు?

మొదటి కారణం, ఆ రోగులది మరీ తీవ్రమైన కలరా కాదు. రెండోది, ఆ నీళ్లతోపాటు వాంతులు ఆపే మందు, ఒక మొక్క ఆకురసం కూడా ఇచ్చారు. కాబట్టి ఏది పనిచేసిందో విడదీసి చెప్పడం కష్టం. మూడోది, పోల్చి చూడటానికి వేరే పద్ధతిలో చికిత్స పొందిన మరో బృందం లేదు. ఎంత నీరు లోపలికి వెళ్లింది, ఎంత బయటికి పోయింది అనే లెక్కలూ లేవు. పైగా కలరాలో పేగులకు విశ్రాంతి ఇవ్వాలన్న నమ్మకం అప్పటి డాక్టర్లలో బలంగా ఉండేది.

1960లో రాబర్ట్ క్రేన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఒక కొత్త భావన ప్రతిపాదించాడు. పేగు గోడలోని కణాలు గ్లూకోజును లోపలికి తీసుకునేటప్పుడు దానితోపాటు సోడియంను కూడా తీసుకుంటాయని ఆయన చెప్పాడు. సోడియం వెంట నీరూ వెళుతుంది. కలరా విషం ఈ ద్వారాన్ని మూయలేదు. అందుకే ఉత్త ఉప్పునీళ్లు తాగితే ప్రయోజనం లేకపోయినా, చక్కెర చేరిన ఉప్పునీళ్లు ఒంటికి పడతాయి.

1968 ఆగస్టులో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్, వారి ఢాకా సహచరులు లాన్సెట్‌లో మరో వ్యాసం ప్రచురించారు. ఇందులో రోగులు 29 మందే. కాని ఈసారి పోలిక బృందం ఉంది. లోపలికి వెళ్లిన ద్రవం, బయటికి పోయిన ద్రవం కొలిచి పెట్టారు. నోటి ద్వారా ద్రావణం తీసుకున్నవారికి సెలైన్ అవసరం దాదాపు 80 శాతం తగ్గిందని తేలింది. 186 మంది ఒప్పించలేని విషయాన్ని 29 మంది ఒప్పించారు! సాక్ష్యం విలువ రోగుల సంఖ్య ఒక్కదానిలోనే లేదు, పోల్చి కొలిచిన తీరులో ఉంది.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. సరిహద్దు పట్టణం బన్‌గావ్‌లో కలరా చెలరేగింది. సెలైన్ నిండుకుంది. అక్కడ పనిచేస్తున్న దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, తినే సోడా పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. మొదట్లో 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన శిబిరంలో 3.6 శాతానికి తగ్గాయి. 1973లో ఈ వివరాలు జాన్స్ హాప్కిన్స్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. 1978లో లాన్సెట్ తన సంపాదకీయంలో ఈ ఆవిష్కరణను ఆ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ప్రగతి కాగలదని అభివర్ణించింది. ఈనాడు మందుల షాపుల్లో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం చరిత్ర ఇదే. మహలనబిస్ 2022లో మరణించారు. 2023లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు.

చూశారా? 1953 నుంచి 1968 దాకా పదిహేనేళ్లు. ఈ మధ్యకాలంలో కలరాతో పోయిన వారందరూ ఈ పత్రికల మధ్య దూరంలోనే పోయారు. పత్రికలో ఎలాంటి సాక్ష్యం రావాలి, దాన్ని డాక్టర్లు ఎలా చదవాలి అన్నది పండితుల చర్చ మాత్రమే కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

లాటరీ ఎందుకు వేస్తారు?

మందు వాడిన రోగికి నయమైతే మందు వల్లే నయమైందని అనుకోవడం సహజం. కాని చాలా జబ్బులు వాటంతట అవే తగ్గుతాయి. డాక్టరు తెలియకుండానే కాస్త బలంగా ఉన్న రోగులకు కొత్త మందు ఇచ్చి, బలహీనులకు పాత మందే ఉంచవచ్చు. ఈ పక్షపాతం లేకుండా చేయడానికే రోగులను లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా విడదీస్తారు.

దీనికి ప్రసిద్ధ ఉదాహరణ 1948 అక్టోబరు 30 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఉంది. క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అని 107 మంది రోగుల మీద పరీక్షించారు. ఎవరు ఏ బృందంలోకి వెళ్లాలో ముందే కవర్లలో పెట్టి సీలు వేశారు. ఈ పద్ధతిని రూపొందించినది ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంకవేత్త. ఆరు నెలలు గడిచేసరికి మందు పొందిన 55 మందిలో 4గురు, పడక విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది చనిపోయారు. మందు పనిచేసిందనడంలో సందేహం లేదు. అయితే అదే వ్యాసం మరో హెచ్చరిక కూడా చేసింది. మందు తీసుకున్న చాలామందిలో క్షయ క్రిములు దానికి లొంగకుండా తయారయ్యాయి. క్షయకు ఒకే మందు చాలదని, రెండు మూడు మందులు కలిపి వాడాలని నేడు మనం పాటించే నియమానికి బీజం ఇక్కడ పడింది. మంచి వ్యాసం శుభవార్తతోపాటు దాని పరిమితినీ చెబుతుంది.

మూడో వరుసను కూడా చదవాలి

2020లో కోవిడ్ సమయంలో వచ్చిన ఒక ఫలితం చూద్దాం. బ్రిటన్‌లో రికవరీ అనే పరీక్షలో డెక్సామెథసోన్ అనే పాత, చవకైన స్టెరాయిడ్‌ను వాడి చూశారు. న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన ఫలితాలను మూడు వరుసలుగా రాసుకుందాం. ఇవన్నీ 28 రోజుల్లో సంభవించిన మరణాలు.

వెంటిలేటర్ మీద ఉన్నవారు: మందు లేకుండా 100కి 41.4, మందుతో 29.3.
ఆక్సిజన్ పొందుతున్నవారు: మందు లేకుండా 26.2, మందుతో 23.3.
ఆక్సిజన్ అవసరం లేనివారు: మందు లేకుండా 14.0, మందుతో 17.8.

మొదటి వరుసలో తేడా 100కి సుమారు 12. అంటే అలాంటి రోగులు 8 మందికి ఈ మందు ఇస్తే ఒక ప్రాణం అదనంగా నిలుస్తుంది. రెండో వరుసలో తేడా 100కి 2.9. ఒక ప్రాణానికి దాదాపు 35 మందికి ఇవ్వాలి. మూడో వరుసలో మేలు కనిపించలేదు సరికదా, మరణాలు కాస్త ఎక్కువే. ఈ తేడా యాదృచ్ఛికం కావచ్చు, కాని మందు ఇవ్వడానికి ఆధారం మాత్రం లేదు.

‘చవకైన స్టెరాయిడ్ కోవిడ్ మరణాలను తగ్గిస్తుంది’ అని వార్తాపత్రిక శీర్షిక చెబుతుంది. అది అబద్ధం కాదు. అయితే ఎవరికి తగ్గిస్తుంది, ఎవరికి ఇవ్వకూడదు అన్నది పట్టికలోని మూడో వరుస దాకా చదివినవారికే తెలుస్తుంది. 2021 రెండో అలలో మన దేశంలో ఆక్సిజన్ అవసరం లేని ఎందరో తొలి రోజుల్లోనే స్టెరాయిడ్లు వాడారు. అవి రక్తంలో చక్కెరను పెంచుతాయి, రోగ నిరోధక శక్తిని తగ్గిస్తాయి. ఆ ఏడాది చక్కెర జబ్బున్నవారిలో మ్యూకర్‌మైకోసిస్ అనే బూజు జబ్బు విజృంభించడానికి స్టెరాయిడ్ల అతి వాడకం ఒక ముఖ్య కారణమని వైద్యులు గుర్తించారు. ఎందరో కళ్లు పోగొట్టుకున్నారు, ప్రాణాలూ పోయాయి.

ఉత్తరానికీ విలువ ఉంది

అన్నీ పెద్ద ప్రయోగాలే కానక్కరలేదు. 1961 డిసెంబరులో విలియం మెక్‌బ్రైడ్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు లాన్సెట్‌కు ఒక చిన్న ఉత్తరం రాశాడు. గర్భిణులు థాలిడొమైడ్ అనే మందు వాడినప్పుడు పుట్టిన పిల్లల్లో అవయవ లోపాలు ఎక్కువగా కనిపిస్తున్నాయి, ఇతర డాక్టర్లు కూడా ఇలాంటివి చూశారా అని అందులో అడిగాడు. జర్మనీలోనూ అదే అనుమానం తలెత్తి అప్పటికే మందును మార్కెట్ నుంచి తొలగించారు. పత్రికలో ఉత్తరం వచ్చాక ఆ ప్రశ్న దేశదేశాల డాక్టర్లకు చేరింది. తన గదిలో కూర్చున్న ఒక్క డాక్టరుకు రెండు మూడు కేసులే ఎదురవుతాయి. అలాంటివారు వందమంది తాము చూసినది ఒకచోట చెప్పుకున్నప్పుడే ప్రమాదం బయటపడుతుంది. ఖరగ్‌పూర్‌లాంటి ఊరి డాక్టరుకు పత్రిక చదవడానికే కాదు, రాయడానికీ ఉందని దీని అర్థం.

పత్రికలు తప్పు చేయవా?

చేస్తాయి. దీనికీ హైదరాబాదులో ఒక పాత ఉదాహరణ ఉంది. మత్తు ఇవ్వడానికి క్లోరోఫారం వాడే ఆ రోజుల్లో కొందరు రోగులు బల్లమీదే అకస్మాత్తుగా చనిపోయేవారు. ముందు ఆగేది గుండా, శ్వాసా? హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ శ్వాసేనని వాదించాడు. శ్వాసను గమనిస్తూ ఉంటే చాలు, క్లోరోఫారం క్షేమమని ఆయన నమ్మకం. 1888లో ఆయన నడిపిన మొదటి కమిషన్ మాటను లాన్సెట్ శంకించింది. అప్పుడు నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చి, లాన్సెట్‌నే తన ప్రతినిధిని పంపమంది. 1889లో లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు లండన్ నుంచి వచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, రెండో కమిషన్ కూడా లారీ మాటే నిజమంది. 1890లో లాన్సెట్ ఆ నివేదికను విస్తారంగా ప్రచురించింది.

కాని అది పూర్తి సత్యం కాదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలు చేసి, తేలికగా క్లోరోఫారం ఇచ్చినప్పుడు గుండె లయ తప్పి అకస్మాత్తుగా ఆగిపోగలదని చూపాడు. హైదరాబాదులో ఎక్కువ మోతాదులో మత్తు ఇచ్చి చూశారు. ప్రమాదం తక్కువ మోతాదు వద్ద కూడా పొంచి ఉంది. ధనబలం, పెద్ద పేర్లు, వందల ప్రయోగాలు ఉన్నా, అడగవలసిన ప్రశ్న అడగకపోతే జవాబు తప్పుతుంది.

ఇటీవలిది మరొకటి. 2020 మే 22న లాన్సెట్ హైడ్రాక్సీక్లోరోక్విన్ గురించి ఒక వ్యాసం ప్రచురించింది. 96,000 మంది రోగుల వివరాలు పరిశీలించామని అందులో ఉంది. ఆ లెక్కలు పొసగడం లేదని ఇతర శాస్త్రజ్ఞులు ప్రశ్నించారు. అసలు వివరాలు చూపమంటే వాటిని సేకరించానన్న సంస్థ చూపలేదు. జూన్ 4న వ్యాసం ఉపసంహరించారు. తప్పు అచ్చుకావడం పత్రికకు సిగ్గుచేటు. దాన్ని రెండు వారాల్లోపు బహిరంగంగా వెనక్కు తీసుకోగలగడం మాత్రం శాస్త్ర పద్ధతి బలం.

తప్పులు తగ్గించడానికి కొన్ని కాపలాలు ఉన్నాయి. వ్యాసం అచ్చుకు ముందు అదే రంగంలోని ఇద్దరు ముగ్గురు నిపుణులు దాన్ని పరిశీలిస్తారు. రచయితలు తమకు మందుల కంపెనీల నుంచి డబ్బు అందిందా అన్నది ప్రకటించాలి. రోగుల మీద పరీక్షలను మొదలుపెట్టక ముందే ఒక బహిరంగ పట్టీలో నమోదు చేయాలని ప్రముఖ పత్రికలు 2005 నుంచి షరతు పెట్టాయి. మన దేశంలో అలాంటి పట్టీ 2007లో ప్రారంభమైంది. దీనివల్ల ఫలితం నచ్చకపోతే ప్రయోగాన్నే దాచేయడం కష్టమవుతుంది.

పది నిమిషాల్లో ఎలా చదవాలి?

రోజంతా రోగులను చూసిన డాక్టరు ప్రతి వ్యాసాన్నీ ఆమూలాగ్రం చదవలేడు. అవసరమూ లేదు. ఐదు ప్రశ్నలు అడిగితే చాలు. ఏ రోగుల మీద చేశారు? దేనితో పోల్చారు? ఎవరు ఏ బృందంలో ఉండాలో ఎలా నిర్ణయించారు? మేలు ఎంత, నూటికి ఎందరికి? కీడు ఎంత?

వీటి తరువాత ఆరో ప్రశ్న ఒకటి ఉంది, దానికి పత్రిక జవాబు చెప్పలేదు. నా ముందున్న మనిషికి ఇది వర్తిస్తుందా? లండన్ ఆసుపత్రిలో మంచం మీద పడుకుని మందు వేసుకున్న రోగి వేరు. రాత్రి డ్యూటీకి వెళ్లే లోకో పైలట్ వేరు. నిద్రమత్తు కలిగించే మందు మొదటివాడికి ఇబ్బంది కాదు, రెండోవాడికి అది రైలులోని వందలమందికి సంబంధించిన విషయం. పత్రికలో సగటు ఉంటుంది, రోగి సగటు కాదు. ఆ రెండింటినీ కలపడమే డాక్టరు నైపుణ్యం.

విద్యార్థులైన మీరు వైద్యం చదవబోయినా, చదవకపోయినా ఈ ఐదు ప్రశ్నలూ నేర్చుకోవచ్చు. ‘ఈ పొడి వాడితే జబ్బు ముప్పు 50 శాతం తగ్గుతుంది’ అని ఈసారి ఎక్కడైనా చదివితే ఒక కాగితం తీసుకోండి. ముప్పు 100కి 40 నుంచి 20కి తగ్గిందా, 10,000కి 2 నుంచి 1కి తగ్గిందా? రెండూ 50 శాతమే. మొదటిది డాక్టరు తన చికిత్సను మార్చుకోవలసిన వార్త, రెండోది చాలాసార్లు ప్రకటన మాత్రమే.